పాలసీ మార్చాను, పాస్‌వర్డ్‌లు మారలేదు

ప్రశ్న: మా సంస్థలో నాలుగు వందల మంది పనిచేస్తారు. అందరిదీ ఒకే విండోస్ డొమైన్, అంటే అకౌంట్లన్నీ ఒకేచోట నుంచి నడుస్తాయి. నేను అడ్మిన్‌గా చేరి ఏడాది కావస్తోంది. నా ముందున్నాయన పెట్టిన పాస్‌వర్డ్ నియమాలే ఇప్పటికీ నడుస్తున్నాయి. కనీసం 8 అక్షరాలు, 30 రోజులకోసారి మార్పు, మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్. గడువు దగ్గరపడే రోజుల్లో హెల్ప్‌డెస్క్‌లో ఫోన్ కింద పెట్టే తీరిక ఉండదు. ఈమధ్య ఆడిట్‌కు వచ్చినవాళ్లు అకౌంట్స్ విభాగానికి కనీసం 14 అక్షరాలు ఉండాలన్నారు. ఆ విభాగం ఓయూకి (డొమైన్‌లో ఆ విభాగం అకౌంట్లు, కంప్యూటర్లు ఉండే అర) కొత్త జీపీఓ (గ్రూప్ పాలసీ సెట్టింగుల కట్ట) చేసి లింక్ చేశాను. పాలసీని వెంటనే తెప్పించే జీపీఅప్‌డేట్ ఆదేశం కొట్టాను. జీపీరిజల్ట్ రిపోర్టులో పాలసీ వచ్చినట్టే చూపిస్తోంది. అయినా నిన్న ఆ విభాగంలోనే ఒకావిడ ఎంచక్కా 8 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. ఇది చాలదన్నట్టు, భద్రత పెరగాలంటే గడువు 15 రోజులకు తగ్గించమని మా మేనేజర్ గారు పట్టుబడుతున్నారు. కొన్ని లైనక్స్ సర్వర్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి ఇంతవరకు ఎవరూ పోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న ఒక సిస్టమ్ అడ్మిన్

సమాధానం: మీ జీపీఓ పనిచేస్తోందండీ. మీరు అనుకున్న చోట కాదు, అంతే. అకౌంట్స్ విభాగంలో ఏదైనా ఒక కంప్యూటర్ దగ్గర కూర్చుని, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్ అకౌంట్స్’ అని కొట్టండి. కనీస పొడవు 14 అని చూపిస్తుంది. అదే ఆదేశం చివర స్లాష్ పెట్టి ‘డొమైన్’ అని చేర్చి మళ్లీ కొట్టండి. ఈసారి 8 అంటుంది. ఒకే స్క్రీన్ మీద, ఒకదాని కింద ఒకటి, రెండు వేర్వేరు జవాబులు.

మొదటిది ఆ కంప్యూటర్‌లోనే ఉన్న లోకల్ అకౌంట్లకు వర్తించే పాలసీ. రెండోది మీ ఉద్యోగులు రోజూ లాగిన్ అయ్యే డొమైన్ అకౌంట్లది. ఆవిడ పాస్‌వర్డ్ మార్చుకున్నప్పుడు అది చెల్లుతుందో లేదో తేల్చింది ఆవిడ ముందున్న కంప్యూటర్ కాదు, డొమైన్ అకౌంట్లన్నీ ఉండే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్. పాస్‌వర్డ్ సెట్టింగులు జీపీఓలో ‘కంప్యూటర్ కాన్ఫిగరేషన్’ కింద ఉంటాయని మీరు చూసే ఉంటారు. అంటే అవి కంప్యూటర్లకు చేరతాయి, మనుషులకు కాదు. ఓయూకి లింక్ చేసిన మీ జీపీఓ ఆ ఓయూలోని కంప్యూటర్లకు చేరింది, వాటి లోకల్ అకౌంట్లకు 14 అక్షరాల నియమం పెట్టింది. రిపోర్టు కూడా ఆ మాటే చెబుతోంది. రిపోర్టు అబద్ధం చెప్పలేదు, మీరు అడగాల్సిన ప్రశ్న వేరు.

డొమైన్ అకౌంట్లకు జీపీఓ ద్వారా వచ్చే పాస్‌వర్డ్ పాలసీ ఒక్కటే, అది డొమైన్ రూట్‌కు, అంటే ఓయూలన్నిటికీ పైనున్న మొదలుకు, లింక్ అయినది. మామూలుగా దాని పేరు డిఫాల్ట్ డొమైన్ పాలసీ. పీడీసీ ఎమ్యులేటర్ అనే ప్రత్యేక పాత్రలో ఉన్న ఒక డొమైన్ కంట్రోలర్ దాన్ని చదివి డొమైన్ ఆబ్జెక్ట్‌లో రాస్తుంది, మిగతా కంట్రోలర్లకు అది రెప్లికేషన్‌లో, అంటే నకలుగా, వెళ్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీకు ఇంకా తగల్లేదు కానీ ఎప్పుడో తగులుతుంది. ఎవరైనా ‘డొమైన్ కంట్రోలర్స్’ ఓయూ మీద బ్లాక్ ఇన్‌హెరిటెన్స్ (పైనుంచి వచ్చే పాలసీలను ఆపే సెట్టింగు) పెట్టి వదిలేస్తే, రూట్‌లో ఎంత మార్చినా ఏమీ మారదు. పాత అడ్మిన్ల చేతి నుంచి వచ్చిన డొమైన్‌లో ముందు అది చూసుకోవడం మంచిది. రూట్‌కే రెండు మూడు జీపీఓలు లింక్ అయి, వాటిలో పాస్‌వర్డ్ సెట్టింగులు ఉంటే లింక్ ఆర్డర్‌లో పైనున్నది గెలుస్తుంది.

మరి ఒక్క విభాగానికి మాత్రమే వేరే నియమం ఎలా? విండోస్ సర్వర్ 2008తో ఫైన్ గ్రెయిన్డ్ పాస్‌వర్డ్ పాలసీ వచ్చింది. అంతకుముందు వేరే నియమం కావాలంటే వేరే డొమైనే కట్టేవారు. ఇప్పుడు పీఎస్ఓ అనే ఒక పాస్‌వర్డ్ సెట్టింగుల ఆబ్జెక్ట్ చేసి, దాన్ని ఒక గ్రూపుకో, నేరుగా ఒక యూజర్‌కో తగిలిస్తే చాలు. సర్వర్ 2012 నుంచి దీనికి యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్ అకౌంట్లను నడిపే వ్యవస్థ) అడ్మినిస్ట్రేటివ్ సెంటర్‌లో తెర కూడా ఉంది. డొమైన్ పేరు కింద సిస్టమ్, అందులో పాస్‌వర్డ్ సెట్టింగ్స్ కంటైనర్ తెరిస్తే అక్కడే ‘న్యూ’ కనిపిస్తుంది. ఓయూకి మాత్రం పీఎస్ఓ తగలదు. అకౌంట్స్ వాళ్లందరినీ ఒక గ్లోబల్ సెక్యూరిటీ గ్రూపులో పెట్టండి. యూనివర్సల్ గ్రూపో, డొమైన్ లోకల్ గ్రూపో అయితే కుదరదు. కొత్తగా చేరినవాళ్లను ఓయూలో పెట్టి గ్రూపులో చేర్చడం మరిచిపోవడం మామూలే, కాబట్టి ఓయూని చూసి గ్రూపును సరిచేసే చిన్న పవర్‌షెల్ స్క్రిప్టు ఒకటి రాత్రిపూట నడిచేలా పెట్టుకోండి.

పీఎస్ఓ గురించి చాలామంది పప్పులో కాలేసేది ఇంకోచోట. అది డొమైన్ పాలసీతో కలిసిపోదు, దాని స్థానంలో కూర్చుంటుంది. పొడవు ఒక్కటి మారిస్తే మిగతావన్నీ పాత పాలసీ నుంచి వస్తాయనుకుంటాం. రావు. హిస్టరీ (పాత పాస్‌వర్డ్‌లను మళ్లీ పెట్టనివ్వని లెక్క), గడువు, లాకౌట్, అన్నీ పీఎస్ఓలో ఉన్నవే చెల్లుతాయి. లాకౌట్ భాగాన్ని పట్టించుకోకుండా వదిలేశారనుకోండి, ఎక్కువ భద్రత కావాలనుకున్న అకౌంట్స్ విభాగానికే లాకౌట్ లేకుండా పోతుంది. ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉండి రెండు పీఎస్ఓలు తగిలితే, ప్రిసిడెన్స్ (ప్రాధాన్యం) అంకె తక్కువున్నది గెలుస్తుంది. యూజర్‌కే నేరుగా తగిలించినది ఉంటే గ్రూపువాటిని పక్కకు నెట్టేస్తుంది. అంతా చేశాక అదే అడ్మినిస్ట్రేటివ్ సెంటర్‌లో ఒక యూజర్ మీద రైట్ క్లిక్ చేసి ‘వ్యూ రిజల్టెంట్ పాస్‌వర్డ్ సెట్టింగ్స్’ చూడండి. ఇకమీదట మీకు రిపోర్టు అంటే అదే, జీపీరిజల్ట్ కాదు.

ఇదంతా సరిగ్గా చేసినా మర్నాడు పొద్దున ఎవరి పాస్‌వర్డూ 14 అక్షరాలు కాదు. డొమైన్ దగ్గర ఉండేది పాస్‌వర్డ్ కాదు, దాని హ్యాష్, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి రూపం. హ్యాష్‌ను చూసి పొడవెంతో చెప్పలేం. అందుకే పొడవు, కాంప్లెక్సిటీ (అక్షరాల రకాల) నియమాలు వచ్చేసారి మార్చినప్పుడే తగులుతాయి, ఇప్పుడున్నవాటిని తాకవు. వెంటనే కావాలంటే ‘తదుపరి లాగిన్‌లో తప్పక మార్చాలి’ అన్న టిక్ పెట్టాలి, అదీ ఒకేసారి అందరికీ కాదు, రోజుకో పదిహేను మందికి.

గడువు తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన తేదీకి గడువు రోజులు కలిపి లెక్క చూస్తారు కాబట్టి, గడువు తగ్గించిన క్షణం నుంచే అది అమల్లోకి వస్తుంది. మీ మేనేజర్ గారి మాట విని ఇవాళ 30ని 15 చేశారనుకోండి. 15 రోజుల కిందట మార్చుకున్నవాళ్ల నుంచి 29 రోజుల కిందట మార్చుకున్నవాళ్ల దాకా, అంటే సుమారు సగం మంది, రేపు పొద్దున ఒకేసారి గడువు దాటినవాళ్లు అవుతారు. ఆఫీసుకు వచ్చేవాళ్లకైతే మార్చుకోమని స్క్రీన్ వస్తుంది. ఇంటి నుంచి వీపీఎన్ మీద పనిచేసేవాళ్లలో కొందరికి వీపీఎన్ తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు మీ హెల్ప్‌డెస్క్ పరిస్థితి నేను వర్ణించనక్కర్లేదు.

ఇక అసలు విషయం, ఆ 15 రోజుల మాట. మేనేజర్ గారిది తప్పుడు ఉద్దేశం కాదు. చాలా ఏళ్లు ఈ రంగమంతా అలాగే నమ్మింది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2003లో ఒక మార్గదర్శకం రాసింది. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపడం, తరచూ మార్చడం లాంటి అలవాట్లు ప్రపంచమంతా పాకడానికి అదే పెద్ద ఆధారం. దాన్ని రాసిన బిల్ బర్, 2017లో ఒక పత్రికతో మాట్లాడుతూ, ఆ సలహాల్లో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని చెప్పారు. అదే ఏడాది ఎన్ఐఎస్‌టీ తన పత్రాన్ని తిరగరాసింది. పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించవద్దంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ భద్రతా బేస్‌లైన్ నుంచి పాస్‌వర్డ్ గడువును తీసేసింది. 2025లో వచ్చిన ఎన్ఐఎస్‌టీ కొత్త కూర్పు ఇంకా గట్టిగా చెప్పింది. గడువు పెట్టి మార్పించకూడదు, అక్షరాల రకాల నియమం పెట్టకూడదు, పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ అయితే కనీసం 15 అక్షరాలు ఉండాలి.

కారణం కనుక్కోవడానికి మీ సంస్థ దాటి వెళ్లనక్కర్లేదు. 30 రోజులకోసారి మార్చమంటే మనిషి ఏం చేస్తాడు? నెల పేరు పెడతాడు, పక్కన సంవత్సరం, చివర ఒక ఆశ్చర్యార్థకం. వచ్చే నెల నెల పేరు మారుస్తాడు. లేదా చివరి 1ని 2 చేస్తాడు. నియమం ప్రకారం అంతా సక్రమం. నార్త్ కరోలినా యూనివర్సిటీ పరిశోధకులు 2010లో వేల పాత అకౌంట్లను తీసుకుని ఇదే పరీక్షించారు. ఒకరి పాత పాస్‌వర్డ్ చేతిలో ఉంటే, 17 శాతం అకౌంట్లలో తరవాతి పాస్‌వర్డ్‌ను ఐదు ఊహల్లోపే పట్టేశారు. దొంగ దగ్గర పాతది ఉందన్న భయంతోనే కదా మార్పిస్తాం, ఆ దొంగకే ఇది పనికొస్తోంది.

మీ లాకౌట్ల బాధకు కూడా మూలం ఈ గడువులోనే ఉందని నా అనుమానం. యాక్టివ్ డైరెక్టరీలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. పాస్‌వర్డ్ హిస్టరీ పెట్టి ఉంటే, ఎవరైనా తప్పు పాస్‌వర్డ్ కొట్టినప్పుడు అది వాళ్లవే చివరి రెండు పాత పాస్‌వర్డ్‌లలో ఒకటైతే, ఆ తప్పును లెక్కలో వేయదు. మార్చిన రోజు ఫోన్‌లోని మెయిల్ పాత పాస్‌వర్డ్‌తో కొట్టుకుంటూ ఉన్నా అకౌంట్ లాక్ కాకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. కానీ 30 రోజులకోసారి మారిస్తే మూడు నెలలు తిరిగేసరికి ఎక్కడో సొరుగులో పడి ఉన్న ట్యాబ్‌లో, ఎవరో ఎప్పుడో పెట్టిన షెడ్యూల్డ్ టాస్క్‌లో ఉన్న పాస్‌వర్డ్ ఆ రెండింటి పరిధి దాటిపోతుంది. ఆ ట్యాబ్ ఒకసారి వైఫై పట్టుకుందంటే చాలు, మూడు తప్పులు క్షణంలో అయిపోతాయి. పాపం ఆ ఉద్యోగి తానేమీ చేయలేదని మొత్తుకుంటుంది, మనం నమ్మం.

కాబట్టి ఈసారి లాక్ అయినప్పుడు అన్‌లాక్ కొట్టి వదిలేయకండి. పీడీసీ ఎమ్యులేటర్ ఉన్న కంట్రోలర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4740 నంబర్ ఈవెంట్ వెతకండి. అందులో ‘కాలర్ కంప్యూటర్ నేమ్’ అని ఒక వరస ఉంటుంది. తప్పు పాస్‌వర్డ్ ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు అదే చెప్పేస్తుంది. ఒక్క వారం ఇలా రాసి పెట్టుకుంటే, మీ లాకౌట్లలో ఎన్ని మనుషులవో, ఎన్ని మరిచిపోయిన మిషన్లవో తేలిపోతుంది. మేనేజర్ గారి ముందు పెట్టడానికి అంతకంటే మంచి కాగితం ఉండదు.

మూడు తప్పులకే లాక్ అన్నది మరీ కఠినం. 10కి పెంచండి, పావుగంటో అరగంటో తరవాత దానంతటదే తెరుచుకునేలా పెట్టండి. మూడు ఉంటే దొంగకు కష్టమవుతుందన్నది భ్రమ. ఒకే అకౌంట్ మీద వంద పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడం ఇప్పుడు చాలామంది చేయరు. ఒకే పాస్‌వర్డ్‌ను నాలుగు వందల అకౌంట్ల మీద ఒక్కోసారి కొడతారు, కాసేపు ఆగి ఇంకొకటి. దాన్ని పాస్‌వర్డ్ స్ప్రే అంటారు. మూడు పెట్టినా, రెండు పెట్టినా లాకౌట్ దాన్ని ఆపలేదు. పైగా మూడు పెడితే, గిట్టనివాడు ఎవడైనా మీ డైరెక్టర్ గారి అకౌంట్‌ను రోజూ పొద్దున్నే లాక్ చేసి కూర్చోవచ్చు.

స్ప్రేను ఆపేది, అందరూ వాడే పాస్‌వర్డ్‌లను పెట్టుకోనివ్వకపోవడం. నన్నడిగితే మొత్తం పాలసీలో అన్నిటికంటే విలువైన ముక్క ఇదే, విచిత్రమేమిటంటే జీపీఓలో దీనికి మీటే లేదు. విండోస్ కాంప్లెక్సిటీ నియమం పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు వంటి ఐదు రకాల్లో మూడు ఉన్నాయా, అందులో యూజర్ పేరు ఉందా అని మాత్రమే చూస్తుంది. ‘పాస్‌వర్డ్’ అన్న మాటలో ఏ బదులు ఎట్ గుర్తు, ఓ బదులు సున్నా పెట్టినదాన్ని అది సంతోషంగా ఒప్పుకుంటుంది.

మీకు మైక్రోసాఫ్ట్ ఎంట్రా (వాళ్ల క్లౌడ్ అకౌంట్ల సేవ) పీ1 లైసెన్స్ ఉంటే ఎంట్రా పాస్‌వర్డ్ ప్రొటెక్షన్‌ను మీ డొమైన్ కంట్రోలర్ల మీద పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ సొంత నిషేధిత జాబితాకు తోడు మీరు 1000 మాటల దాకా చేర్చుకోవచ్చు. సంస్థ పేరు, దాని పొట్టి పేరు, మీ ఉత్పత్తుల పేర్లు, భవనం పేరు అందులో వేయండి. అది మాటను యథాతథంగా పోల్చి వదలదు. సున్నాను ఓగా, ఎట్ గుర్తును ఏగా మార్చి చూస్తుంది, ఆ తరవాత మార్కులు వేస్తుంది. నిషేధిత మాట ఎంత పొడవున్నా ఒక్కటే మార్కు, మిగిలిన ప్రతి అక్షరానికీ ఒక్కో మార్కు, మొత్తం 5 రావాలి. సంస్థ పేరు పక్కన 12 తగిలిస్తే మూడే మార్కులు, తిరస్కారం. కానీ నాలుగంకెల సంవత్సరం తగిలిస్తే లెక్క ప్రకారం ఐదు వచ్చి గట్టెక్కేస్తుంది. అందుకే ఇది ఒక్కటే చాలదు, పొడవు కూడా కావాలి. మొదట ఆడిట్ మోడ్‌లో పెట్టి కొన్నాళ్లు చూడండి. ఎవరినీ ఆపదు, ఆపి ఉంటే ఎన్నిటిని ఆపేదో లాగ్‌లో రాస్తుంది.

లైసెన్స్ లేకపోతే బయటి పాస్‌వర్డ్ ఫిల్టర్లు ఉన్నాయి. హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ సైట్ వాళ్లు బయటపడ్డ పాస్‌వర్డ్‌ల హ్యాష్ జాబితాను ఉచితంగానే ఇస్తారు, విండోస్ వాడే ఎన్‌టీ హ్యాష్ రూపంలో కూడా. దాంతో మీ డొమైన్ హ్యాష్‌లను పోల్చవచ్చు. అయితే డొమైన్ హ్యాష్‌లను బయటికి తీయడమంటే ఇనప్పెట్టె తాళాలన్నీ బల్ల మీద పరచడమే. రాతపూర్వక అనుమతి లేకుండా ఆ పని చేయకండి, చేస్తే నెట్‌వర్క్‌కు తగలని మిషన్ మీద చేయండి.

పొడవు విషయానికొస్తే, మామూలు జీపీఓ తెరలో చాలాకాలంగా 14 మించి పెట్టనిచ్చేది కాదు. పీఎస్ఓలో ఆ హద్దు లేదు. ఆడిటర్లు 14 అన్నారు, మీరు 15 పెట్టండి. ఒక్క అక్షరానికి ఎవరూ గొడవ చేయరు. గొడవంతా ‘అంత పొడుగ్గా ఎలా గుర్తుంటుంది’ అన్నదాని మీద వస్తుంది. దానికి జవాబు మన భాషలోనే ఉంది. నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టమనండి. ‘ఏనుగు మేడమీద గొడుగు ఎండబెట్టింది’ లాంటి అర్థంపర్థం లేని వాక్యం. మధ్యలో స్పేస్‌లు విండోస్ ఒప్పుకుంటుంది. మొదటి అక్షరం పెద్దది చేసి, చివర చుక్క పెడితే పాత కాంప్లెక్సిటీ నియమం కూడా నోరు మూసుకుంటుంది. పాటల పల్లవులు, సినిమా డైలాగులు, సామెతలు మాత్రం వద్దని చెప్పండి. నేను ఇక్కడ రాసిన ఏనుగు కూడా వద్దు, ఈపాటికి అది అందరిదీ అయిపోయింది.

ఇవి కుదిరాక, వీపీఎన్‌కూ మెయిల్‌కూ రెండో అంచె ధ్రువీకరణ (ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటిది) పెట్టాక, అప్పుడు గడువు ఎత్తేయండి. ఈ వరస ముఖ్యం. నిషేధిత జాబితా లేకుండా, రెండో అంచె లేకుండా గడువు ఒక్కటీ తీసేస్తే ఇప్పుడున్న బలహీనమైన పాస్‌వర్డ్‌లు శాశ్వతమైపోతాయి. అదీగాక ఆడిటర్లను ఒక మాట అడగండి, ఏ నియమం ప్రకారం అడుగుతున్నారని. మీరు కార్డు చెల్లింపుల వివరాలు చూసే సంస్థ అయితే పీసీఐ డీఎస్ఎస్ అనే కార్డు భద్రతా ప్రమాణం వర్తిస్తుంది. దాని నాలుగో కూర్పు కనీసం 12 అక్షరాలు అడుగుతుంది. 90 రోజుల మార్పు అడిగేది పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణగా ఉన్నచోట. 15 రోజులని అందులో ఎక్కడా లేదు. రెండో అంచె ఇంకా పెట్టలేకపోతే మధ్యేమార్గంగా ముందు 30ని 90 చేయండి. పెంచితే ఎవరికీ హఠాత్తుగా గడువు దాటదు కాబట్టి అది ఇవాళే చేయగలిగిన పని.

హిస్టరీ 24, కనీస వయసు (మళ్లీ మార్చే ముందు ఆగాల్సిన కాలం) ఒక రోజు అన్న డిఫాల్ట్‌లు అలాగే ఉంచండి. కనీస వయసు సున్నా చేస్తే, పట్టుదల ఉన్న మనిషి వరసగా పాతికసార్లు మార్చి తన పాత పాస్‌వర్డ్‌కే తిరిగొస్తాడు.

మనుషుల కంటే పెద్ద గొడవ మనుషులు కాని అకౌంట్లతో. ‘పాస్‌వర్డ్ ఎప్పటికీ గడువు తీరదు’ అన్న టిక్ ఉన్న అకౌంట్ల జాబితా తీయండి. ఆ టిక్ ఉంటే మీరు డొమైన్‌లో ఏ గడువు పెట్టినా తాకదు. బ్యాకప్‌కు ఒకటి, స్కానర్‌కు ఒకటి, ఎందుకు ఉందో ఎవరికీ తెలియనివి నాలుగు, అందులో ఒకటిరెండు పూర్తి అధికారాలుండే డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో కూడా తేలితే ఆశ్చర్యపోకండి. వీలున్నచోట జీఎంఎస్ఏకి మార్చండి. సర్వర్ 2012 నుంచి ఉన్న ఈ రకం సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్‌ను డొమైనే తయారుచేసి 30 రోజులకోసారి తనే మారుస్తుంది, ఏ మనిషికీ అది తెలియదు. వీలుకానివాటికి పాతిక అక్షరాలకు తక్కువ కాని పాస్‌వర్డ్ మిషన్‌తో తయారుచేయించి, వాటికంటూ ఒక పీఎస్ఓ పెట్టండి. అన్ని కంప్యూటర్లలో లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒకటే అయితే, ఒక్కదాన్లో పడ్డ దొంగ అన్నిట్లోనూ పడ్డట్టే. 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి విండోస్‌లోనే ల్యాప్స్ ఉంది. అది ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి డైరెక్టరీలో దాచిపెడుతుంది. మీ జీపీఓ పొరపాటున లోకల్ అకౌంట్ల మీద పెట్టిన 14 అక్షరాల నియమం అక్కడ ఉండనివ్వండి, నష్టమేమీ లేదు.

లైనక్స్ సర్వర్లలో కూడా మీ ఓయూ కథే ఇంకో రూపంలో ఎదురవుతుంది. ‘లాగిన్ డెఫ్స్’ ఫైల్లో గడువు మార్చి పని అయిపోయిందనుకుంటాం. అది ఆ తరవాత పుట్టే అకౌంట్లకే, ఉన్నవాటికి ‘చేజ్’ ఆదేశంతో ఒక్కొక్కదానికీ మార్చాలి. పొడవు, నిఘంటువు తనిఖీ పీడబ్ల్యూ క్వాలిటీ అనే మాడ్యూల్‌లో, లాకౌట్ ఫెయిల్‌లాక్ అనే ఇంకోదాన్లో ఉంటాయి. పది సర్వర్లలో పది రకాలుగా ఇవి నడపడం కంటే, ఎస్ఎస్ఎస్‌డీ అనే సాఫ్ట్‌వేర్‌తో వాటిని డొమైన్‌లో కలిపేసి మనుషులంతా డొమైన్ అకౌంట్లతోనే లాగిన్ అయ్యేలా చేయడం నయం. అప్పుడు పాస్‌వర్డ్ నియమం తేల్చేది మళ్లీ ఆ డొమైన్ కంట్రోలరే. లైనక్స్ అడ్మిన్ అకౌంట్ అయిన రూట్ లాంటి ఒకటిరెండు లోకల్ అకౌంట్లు మిగులుతాయి, వాటిని చేత్తో చూసుకోవచ్చు.

హెల్ప్‌డెస్క్‌లో ఒకసారి కూర్చుని రీసెట్ ఎలా చేస్తున్నారో చూడండి. ఫోన్‌లో పేరు చెబితే చాలు రీసెట్ చేసి, అందరికీ ‘వెల్‌కమ్ ఎట్ 123’ ఇస్తుంటే మీరు పడ్డ శ్రమంతా వృథా. అడ్మిన్ చేసే రీసెట్‌కు హిస్టరీ నియమం, కనీస వయసు వర్తించవు కూడా. ఫోన్ చేసిన మనిషి ఎవరో, రికార్డుల్లో ఉన్న నంబరుకు తిరిగి ఫోన్ చేసి తేల్చుకోమనండి. తాత్కాలిక పాస్‌వర్డ్ ప్రతిసారీ కొత్తది, లాగిన్ కాగానే మార్చుకోవాలన్న టిక్‌తో.

కొత్త పీఎస్ఓను మొదట మీ ఐటీ విభాగానికే తగిలించుకోండి. రెండు వారాలు మీరే భరించండి, అక్కడే సగం ఇబ్బందులు బయటపడతాయి. తరవాత అకౌంట్స్. వాళ్లకు నెలాఖరులో, జీతాల వారంలో వద్దు. శుక్రవారం సాయంత్రం అసలే వద్దు. ఉద్యోగులకు ముందుగా మెయిల్ పంపుతారు కదా, అందులో లింక్ పెట్టకండి. ‘మీ పాస్‌వర్డ్ గడువు తీరుతోంది, ఇక్కడ నొక్కండి’ అని ఫిషింగ్ వాళ్లు పంపే మెయిలూ అచ్చం అలాగే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి ‘చేంజ్ ఎ పాస్‌వర్డ్’ ఎంచుకోమని రాయండి. లింక్ ఉన్న మెయిల్ ఏదొచ్చినా అది మీరు పంపింది కాదని కూడా అందులోనే రాసేయండి.